స్కానరా, స్వైపింగ్ మిషనా, పేమెంట్ లింకా? మీ షాపుకి ఏది నప్పుతుంది

మంగళగిరిలో మా బావమరిది చీరల షాపు పెట్టినప్పుడు, బోర్డు ఇంకా బిగించకముందే ముగ్గురు ఏజెంట్లు వచ్చి వెళ్లారు. ఒకాయన స్కానర్ స్టాండు తెచ్చాడు, ఇంకొకాయన స్వైపింగ్ మిషన్ తెచ్చాడు. మూడో ఆయన ఏమీ తేలేదు, "లింకు పంపితే చాలండీ, డబ్బు వచ్చేస్తుంది" అని ఫోన్లో చూపించి వెళ్లాడు. ముగ్గురి నోటా అవే మాటలు: ఎండీఆర్, టీ ప్లస్ వన్, సెటిల్‌మెంట్, ఛార్జ్‌బ్యాక్. ఆ రాత్రి వాడు ఫోన్ చేసి, "బావా, ఒకాయన 1.8 అంటున్నాడు, ఒకాయన 2 అంటున్నాడు, ఇంకొకాయన జీరో అంటున్నాడు. జీరో ఆయన దగ్గర తీసుకుంటే సరిపోతుంది కదా?" అన్నాడు.

సరిపోదు. విజయవాడలో చిన్న షాపుల లెక్కలు రాయడం నా పని. శాతం ఒక్కటే చూసి సంతకం పెట్టేసి, మూడు నెలల తర్వాత స్టేట్‌మెంట్ పట్టుకుని "ఇదేంటండీ, ఇంత కోశారు" అంటూ వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళని ఎవరో మోసం చేశారని కాదు. ఆ మాటల వెనకాల ఏముందో అడగలేదు, అంతే. మా వాడికి ఆ రాత్రి గంటన్నర చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను వాడికి మూడే ప్రశ్నలు ఇచ్చాను. బిల్లులో నీ చేతికి ఎంత వస్తుంది? ఎప్పుడు వస్తుంది? వచ్చింది మళ్ళీ వెనక్కి పోయే దారి ఉందా?

ఆ రెండు శాతం ఎవరి జేబులోకి

మీ షాపులో ఒక్క కార్డు గీకితే వెనకాల చాలామంది పనిచేస్తారు. కస్టమర్‌కి కార్డు ఇచ్చిన బ్యాంకు ఒకటి, దాన్ని ఇష్యూయర్ అంటారు. మీకు మిషన్ ఇచ్చి, మీ తరఫున డబ్బు తెచ్చిపెట్టే బ్యాంకు ఇంకొకటి, అది అక్వైరర్. ఈ రెండింటి మధ్య కబురు మోసేది నెట్‌వర్క్: వీసా, మాస్టర్‌కార్డ్, రూపే. ఏ కార్డు ఎవరిదో నంబరు మొదటి అంకె చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 4 అయితే వీసా, 5 లేదా 2 అయితే మాస్టర్‌కార్డ్, 6 అయితే మన దగ్గర ఎక్కువగా రూపే.

ఇంతమందికీ కలిపి మీ బిల్లులోంచి పోయేదే ఎండీఆర్, అంటే మర్చంట్ డిస్కౌంట్ రేటు. పేరులో డిస్కౌంట్ ఉంది కదా అని ఎవరో మీకు తగ్గిస్తున్నారనుకోకండి, మీరే వాళ్ళకి తగ్గించుకుంటున్నారు. క్రెడిట్ కార్డు విషయంలో ఇందులో పెద్ద ముక్క కార్డిచ్చిన బ్యాంకుకే పోతుంది. దాని పేరు ఇంటర్‌చేంజ్. కస్టమర్ నలభై ఐదు రోజుల తర్వాత తీరిగ్గా కట్టే డబ్బు మీకు రేపే రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు పెట్టుబడి పెట్టాలి. పైగా రివార్డ్ పాయింట్లూ, ఎయిర్‌పోర్టు లాంజిలూ ఊరికే రావు. ఆ ఖర్చులో ఒక వాటా చీర అమ్మినవాడి దగ్గర్నుంచే వస్తుంది.

మా వాడు పది వేల రూపాయల చీర అమ్మాడనుకుందాం. క్రెడిట్ కార్డు మీద 2 శాతం ఎండీఆర్ అంటే 200. దాని మీద 18 శాతం జీఎస్టీ, 36. అకౌంట్లో పడేది 9,764. అదే చీర వీసా డెబిట్ కార్డు మీద పోతే లెక్క వేరు. డెబిట్ కార్డులకి రిజర్వ్ బ్యాంకు ఒక హద్దు పెట్టింది, 2018 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 20 లక్షలు దాటని షాపుకి మిషన్ మీద 0.40 శాతం, దాటినవాళ్ళకి 0.90 శాతం, అంతకు మించకూడదు. బిల్లు ఎంత పెద్దదైనా మొదటివాళ్ళకి 200 రూపాయలు, రెండోవాళ్ళకి 1,000 రూపాయలు దాటి కొయ్యకూడదు. మా వాడిది కొత్త షాపు కాబట్టి 40 రూపాయలు, దాని మీద జీఎస్టీ 7 రూపాయల 20 పైసలు. ఇక కస్టమర్ తీసింది రూపే డెబిట్ కార్డయితే ఎండీఆర్ అసలు లేదు, 2020 జనవరి 1 నుంచి సున్నా.

చూశారా, ఒకే మిషన్, ఒకే చీర, మూడు కార్డులకి మూడు లెక్కలు. అందుకే "మీ మిషన్‌కి ఎంత శాతం?" అనే ప్రశ్నకి ఒక్క అంకె జవాబుగా చెప్పే ఏజెంటు సగమే చెప్తున్నట్టు. క్రెడిట్ కార్డుకి ఎంత, డెబిట్‌కి ఎంత, విదేశీ కార్డుకి ఎంత, కంపెనీలు ఉద్యోగులకిచ్చే కార్పొరేట్ కార్డుకి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. క్రెడిట్ కార్డు రేటు మీద రిజర్వ్ బ్యాంకు హద్దు లేదు కాబట్టి అక్కడ బేరానికి చోటుంది. మీ నెల అమ్మకం చూపిస్తే ఎంతో కొంత తగ్గిస్తారు. ఇంకొకటి, కార్డు బిల్లు 2,000 లోపుంటే ఆ ఎండీఆర్ మీద జీఎస్టీ పడదు. చిన్న బిల్లుల షాపులకి ఇది పనికొస్తుంది, కానీ స్టేట్‌మెంట్‌లో ఒకసారి చూసుకోవాలి.

"కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా అవుతుందండీ" అనే మాట మనందరం విన్నదే. డెబిట్ కార్డు మీద అలా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. క్రెడిట్ కార్డు సంగతికొస్తే మిషన్ తీసుకునేటప్పుడు మీరు పెట్టే సంతకంలోనే సాధారణంగా ఆ షరతు ఉంటుంది. కస్టమర్ కంప్లయింట్ పెడితే మిషన్ లాక్కునే అధికారం బ్యాంకుకి ఉంటుంది.

స్కానర్: జీరో ఎక్కడిదాకా జీరో

యూపీఐ వచ్చి చాలా ఏళ్లయింది. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మొదలుపెట్టినప్పుడు మా వీధిలో ఒక్క షాపులో కూడా లేదు. ఇప్పుడు గోంగూర అమ్మే ముసలమ్మ బుట్టకి కూడా ఆ స్టిక్కర్ వేలాడుతోంది. బ్యాంకు అకౌంట్ నుంచి వచ్చే యూపీఐ డబ్బుకి షాపువాడి దగ్గర ఎండీఆర్ లేదు. బజారులో వినే జీరో ఇదే, ఇది నిజమే.

కానీ రెండు సందులున్నాయి. మొదటిది రూపే క్రెడిట్ కార్డు. 2022 సెప్టెంబరు నుంచి ఆ కార్డుని యూపీఐ యాప్‌కి కలుపుకుని స్కాన్ చేయొచ్చు. మీకు కనిపించేది మామూలు స్కానే, సౌండ్ బాక్స్ కూడా మామూలుగానే అరుస్తుంది. వెనకాల మాత్రం అది క్రెడిట్ కార్డే. చిన్న వ్యాపారికి 2,000 లోపు బిల్లయితే ఏమీ పోదు, దాటితే ఎండీఆర్ పడుతుంది. రెండోది వాలెట్. కస్టమర్ వాలెట్‌లో నింపుకున్న డబ్బుతో 2,000 పైన స్కాన్ చేస్తే 2023 ఏప్రిల్ నుంచి 1.1 శాతం దాకా ఇంటర్‌చేంజ్ ఉంది, అది వ్యాపారి వైపు నుంచే పోతుంది. చీరల షాపులో చాలా బిల్లులు 2,000 దాటతాయి. కాబట్టి "రూపే క్రెడిట్ స్కాన్ అయితే ఎంత పోతుంది, వద్దనుకుంటే ఆపుకునే వీలుందా?" అని స్కానర్ ఇచ్చే ఆయన్ని అడగాలి. మా వాడు అడిగితే ఆ కుర్రాడు ముందు "అలాంటిదేం లేదన్నా" అన్నాడు, తర్వాత ఆఫీసుకి ఫోన్ చేసి "ఉంది" అన్నాడు.

ఇక సొంత నంబరు స్కానర్‌కీ షాపు పేరు మీద తీసుకునే స్కానర్‌కీ తేడా. చాలామంది తమ ఫోన్లో ఉన్న కోడ్‌నే ప్రింటు తీసి గోడకి అంటిస్తారు. అది మనిషి నుంచి మనిషికి పంపే దారి. దాని మీద క్రెడిట్ కార్డు రాదు. ఇంట్లో గ్యాస్ బిల్లూ, పిల్లల ఫీజూ, అమ్మకం డబ్బూ ఒకే పాస్‌బుక్‌లో కలిసిపోయి ఏడాది చివర నాలాంటివాడికి తలనొప్పి. షాపు పేరు మీద వేరే కరెంట్ అకౌంట్, దానికి మర్చంట్ కోడ్ తీసుకోండి. మా వాడికి మొదటి సలహా ఇదే.

సౌండ్ బాక్స్ అద్దె నెలకి వంద చుట్టూ ఉంటుంది. అది దండగ అనుకునేవాళ్ళని నేను ఒప్పుకోను. డబ్బు పడినట్టు ఉత్తుత్తి స్క్రీన్ చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. షాపులో నలుగురు చీరలు విప్పించుకుంటుంటే మీరు ప్రతి మెసేజీ తెరిచి చూడలేరు. బాక్స్ పలికితేనే సంచి ఇవ్వాలి, పలకకపోతే ఒక్క నిమిషం ఆగాలి. అలాగే రోజూ పొద్దున షట్టర్ తీయగానే మీ స్కానర్‌కి మీరే ఒక్క రూపాయి పంపి చూసుకోండి. రాత్రికి రాత్రి మీ స్టిక్కర్ మీద తన స్టిక్కర్ అంటించి పోయే ఘనులు కూడా ఉన్నారు.

కస్టమర్‌కి డబ్బు కట్ అయి మీకు పడకపోతే గొడవ అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన గడువు ప్రకారం అలాంటి డబ్బు లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో దానంతటదే కస్టమర్‌కి వెనక్కి వెళ్లాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకే కట్టాలి. ఈ సంగతి నెమ్మదిగా చెప్పి ఇంకోసారి స్కాన్ చేయమనండి. చాలామంది ఒప్పుకుంటారు.

డబ్బు ఎప్పుడు పడుతుంది

రెండో ప్రశ్న ఇది. కొత్తగా పెట్టిన షాపుకి మొదటి ప్రశ్నకన్నా ఇదే ముఖ్యం. మగ్గం మీంచి చీర తెచ్చేవాడికి శనివారం సాయంత్రం డబ్బు ఇవ్వాలంటే శనివారం మధ్యాహ్నం మీ అకౌంట్లో ఉండాలి.

మిషన్ మీద "అప్రూవ్డ్" అని రావడం, డబ్బు రావడం ఒకటి కాదు. అప్రూవ్డ్ అంటే కార్డిచ్చిన బ్యాంకు "ఈ మనిషికి ఇంత స్తోమత ఉంది, పక్కన పెట్టాను" అని మాటిచ్చిందని. దీన్ని ఆథరైజేషన్ అంటారు. రోజు చివర ఆ లావాదేవీలన్నీ మూటకట్టి పంపాలి, అదే బ్యాచ్ క్లోజ్. అది అందాక లెక్కలు చూసుకుని మీ అకౌంట్లో వేయడమే సెటిల్‌మెంట్. టీ ప్లస్ వన్ అంటే లావాదేవీ జరిగిన మర్నాడు. ఆ మర్నాడు ఆదివారమైతే ఎలా అని అడగండి. కొందరు ఏడు రోజులూ వేస్తారు, కొందరు పని దినాలే లెక్కపెడతారు. "ఇన్‌స్టంట్ సెటిల్‌మెంట్" అని ఊరించేదానికి చాలాచోట్ల వేరే రుసుము ఉంటుంది.

నా లెక్కల పుస్తకాల్లో ఉన్న ఒక షాపులో మిషన్ ఆటో బ్యాచ్, అంటే దానంతటదే బ్యాచ్ క్లోజ్ అయ్యేలా, పెట్టి ఇచ్చారనుకున్నారు. పెట్టలేదు. దసరా వారంలో మూడు రోజుల అమ్మకం మిషన్లోనే కూర్చుంది. మిషన్ ఇచ్చిన సంస్థకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనడమే. చివరికి పక్క మెడికల్ షాపు కుర్రాడు వచ్చి సెటిల్‌మెంట్ బటన్ ఎక్కడుందో చూపించాడు. అప్పట్నుంచీ ఎవరు మిషన్ తీసుకున్నా మొదటి రాత్రి స్లిప్పు రావడం కళ్ళారా చూడమంటాను.

స్కానర్‌లో కూడా రెండు రకాలు. మీ బ్యాంకే ఇచ్చిన కోడ్ అయితే డబ్బు సాధారణంగా నేరుగా అకౌంట్లో పడుతుంది. యాప్ కంపెనీ ఇచ్చినదైతే కొన్నిసార్లు ఆ రోజు అమ్మకమంతా పోగేసి ఒకేసారి వేస్తారు. "సౌండ్ బాక్స్ పలికింది, బ్యాలెన్స్‌లో లేదు" అని కంగారుపడేవాళ్ళ సంగతి సగం ఇదే.

ఇక్కడే ఇంకో మాట. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టింది, గడువు మార్చి 15 దాకా ఇచ్చింది. స్కానర్‌కి ఆ బ్యాంకు అకౌంటే కలిపి ఉన్న వ్యాపారులు హడావుడిగా వేరే బ్యాంకుకి మార్చుకోవాల్సి వచ్చింది. వేరే బ్యాంకు అకౌంట్ కలుపుకున్నవాళ్ళకి ఆ టెన్షన్ లేకపోయింది. స్కానర్ ఎవరిదైనా సరే, డబ్బు చివరికి చేరే అకౌంట్ మీరు ఎంచుకున్న, మీ ఊళ్ళో బ్రాంచి ఉన్న బ్యాంకులో ఉంటే మంచిది. రెండు కంపెనీల స్కానర్లు పెట్టుకోవడం కూడా తప్పేం కాదు. సర్వర్ డౌన్ అయిన రోజు రెండోది తీస్తారు.

మిషన్ అద్దెని శాతంలో కొలవండి

మిషన్‌కి ఎండీఆర్ మాత్రమే కాదు, నెల అద్దె కూడా ఉంటుంది. అద్దె 400 అనుకుంటే జీఎస్టీతో 472. నెలకి కార్డు మీద 20,000 అమ్మితే ఆ అద్దె ఒక్కటే 2.36 శాతం అవుతుంది. క్రెడిట్ కార్డు ఎండీఆర్‌తో కలిపితే దాదాపు ఐదు శాతం దగ్గరికి పోతుంది. అదే 2 లక్షలు అమ్మితే అద్దె పావు శాతం కూడా కాదు. మిషన్ తీసుకోవాలా వద్దా అనేదానికి నా దగ్గరున్న కొలబద్ద ఇదే. కార్డు అమ్మకం ఎంత వస్తుందో తెలియదంటే ఒక నెల పాటు "కార్డు తీసుకుంటారా?" అని అడిగిన ప్రతి కస్టమర్‌కీ పుస్తకంలో ఒక గీత పెట్టండి. పక్కన బిల్లు ఎంతో రాయండి. నెలాఖరుకి ఏజెంటు కన్నా మీకే బాగా తెలుస్తుంది.

"ఆరు నెలలు అద్దె లేదు" అంటే ఏడో నెల నుంచి ఎంతో అడగాలి. "నెలకి ఇంత అమ్మకపోతే అద్దె" అనే షరతు ఉందేమో చూడాలి. మిషన్ తిరిగిచ్చేస్తే ఏమవుతుందో కూడా అడగాలి. సిమ్ సిగ్నల్ మీ షాపు లోపల ఉందా అనేది వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న. సెల్లార్ షాపులో మిషన్ తీసుకుని, ప్రతి కస్టమర్‌నీ మెట్ల మీదకి తీసుకెళ్లే ఆయన ఒకరు నాకు తెలుసు.

మిషన్ వాడేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. కార్డు ఊరికే తాకించి 5,000 దాకా పిన్ లేకుండా తీసుకోవచ్చు, అంతకు మించితే పిన్ తప్పనిసరి. 5,000 లోపు కూడా తెలియని కస్టమర్ అయితే చిప్ లోపల పెట్టి పిన్ కొట్టించుకోవడమే నాకిష్టం. ఎందుకో ఛార్జ్‌బ్యాక్ దగ్గర చెప్తాను.

లింకు ఎవరికి

హైదరాబాదులో ఉన్నావిడ వాట్సాప్‌లో ఫోటో చూసి చీర కావాలంటుంది. ఆవిడకి యూపీఐ నంబరు పంపినా పని జరుగుతుంది, అది అన్నిటికన్నా చవక. క్రెడిట్ కార్డు మీదే కడతానంటే పేమెంట్ లింకు కావాలి.

ఇక్కడ రెండు మాటలు కలిపేస్తుంటారు. పేమెంట్ గేట్‌వే అంటే డబ్బు సమాచారం వెళ్లే సాంకేతిక దారి మాత్రమే. పేమెంట్ అగ్రిగేటర్ అంటే మీ కస్టమర్ డబ్బుని తన ఎస్క్రో అకౌంట్లోకి (ఇతరుల డబ్బుని విడిగా ఆపి ఉంచే అకౌంట్) తీసుకుని, తర్వాత మీకు పంపే సంస్థ. డబ్బు చేతిలో పట్టుకునేవాళ్ళు కాబట్టి 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు వీళ్ళకి నియమాలు పెట్టింది, అనుమతి ఉండాలంది. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివి ఈ కోవలోవి. చిన్న వ్యాపారికి వీళ్ళు చెప్పే రేటు ఎక్కువగా 2 శాతం చుట్టూ, పైన జీఎస్టీ. అద్దె ఉండదు, లింకు వాడితేనే ఖర్చు. నెలకి నాలుగు ఆర్డర్లు వచ్చేవాడికి మిషన్ కన్నా ఇదే నయం. యూపీఐకి ఎండీఆర్ లేకపోయినా లింకు మీద వచ్చిన యూపీఐకి "ప్లాట్‌ఫామ్ ఫీజు" వేసేవాళ్ళు ఉన్నారు, అది కూడా అడగండి.

ఫోన్లో కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానేయాలి. 2022 అక్టోబరు 1 నుంచి పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలకే కార్డు నంబర్లు దాచుకునే వీలు లేదు. నంబరు బదులు ఒక టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి, టోకెనైజేషన్ అంటే అదే. అలాంటిది మన చిట్టా పుస్తకంలో నంబరు ఉండడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

డాలస్ నుంచో లండన్ నుంచో అడిగేవాళ్ళుంటే విదేశీ కార్డుల అనుమతి విడిగా తీసుకోవాలి. రేటు దేశీ కార్డు కన్నా బాగా ఎక్కువ, 3 శాతం దాటడం మామూలే. వాళ్ళు సంక్రాంతికి ఊరొచ్చి షాపులోనే కార్డు తీస్తే మిషన్ ఒక్కోసారి "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడుగుతుంది. డాలర్లు నొక్కితే మారకం రేటు మిషన్ వాళ్ళు వేసినదే, అది సాధారణంగా కస్టమర్‌కి నష్టం. రూపాయలు నొక్కించండి. అమెరికా, బ్రిటన్, యూఏఈ, సింగపూర్ లాంటి కొన్ని దేశాల ఫోన్ నంబరుతోనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ అకౌంట్లకి, అంటే విదేశాల్లో ఉండే మనవాళ్ళకి ఇక్కడి బ్యాంకులిచ్చే అకౌంట్లకి, యూపీఐ పెట్టుకునే వీలు ఇప్పుడుంది. అది ఉన్నవాళ్ళు మీ మామూలు స్కానర్‌కే కట్టొచ్చు. మీకు రూపాయి పోదు, వాళ్ళకీ పోదు.

వచ్చిన డబ్బు వెనక్కి పోయే దారులు

ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. వాయిడ్, రీఫండ్, ఛార్జ్‌బ్యాక్ అని మూడు మాటలున్నాయి. వాయిడ్ అంటే బ్యాచ్ క్లోజ్ కాకముందే లావాదేవీని కొట్టేయడం. పదహారు వందలకి బదులు పదహారు వేలు కొడితే ఆ సాయంత్రమే వాయిడ్ చేసేయాలి. రాత్రి దాటిందంటే అది రీఫండ్ అవుతుంది, కస్టమర్‌కి చేరడానికి రోజులు పడుతుంది. మీ ఎండీఆర్ తిరిగి రాకపోవచ్చు.

ఛార్జ్‌బ్యాక్ వేరే జాతి. కస్టమర్ మీ దగ్గరికి రాడు. నేరుగా తన బ్యాంకుకి "ఇది నేను చేయలేదు" అనో "సరుకు రాలేదు" అనో చెప్తాడు. బ్యాంకు ఆ సొమ్ము మీ సెటిల్‌మెంట్‌లోంచి ఆపి, రుజువు చూపించమంటుంది. చెప్పిన రోజుల్లో చూపించకపోతే డబ్బు పోయినట్టే, చీర ఎలాగూ పోయింది. చిప్ పెట్టి పిన్ కొట్టిన లావాదేవీ అయితే కార్డు, దాని యజమాని మీ ముందే ఉన్నారనడానికి గట్టి ఆధారం ఉంటుంది. పిన్ లేకుండా తాకించిన దానికి ఆ బలం తక్కువ. లింకు మీద వచ్చినదాంట్లో కార్డు మీ కళ్ళముందు లేనే లేదు. ఓటీపీ పడింది కాబట్టి "నేను చేయలేదు" అనడం కష్టం. కానీ "సరుకు అందలేదు", "ఫోటోలో రంగు వేరు" అనడం తేలికే. కాబట్టి లింకు అమ్మకాలకి కొరియర్ రసీదు, ప్యాక్ చేసే ముందు తీసిన వీడియో, వాట్సాప్‌లో ఆవిడ "ఇదే కావాలి" అన్న మాట, ఇవి కనీసం ఆరు నెలలు దాచండి. కార్డు ఫిర్యాదులు నాలుగు నెలల తర్వాత కూడా రావచ్చు. యూపీఐలో కూడా ఇలాంటి ఫిర్యాదు దారి ఉంది, కానీ నేను చూసినంతలో షాపులో ఎదురుగా జరిగిన యూపీఐ అమ్మకాల్లో తక్కువ.

"స్కానర్ పెడితే జీఎస్టీ వాళ్ళు వస్తారటగా"

2025 జులైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకి యూపీఐ లెక్కలు చూసి నోటీసులు ఇచ్చారు. బెంగళూరులో కొందరు స్టిక్కర్లు పీకేసి "నగదు మాత్రమే" అని రాసుకున్నారు. ఆ వార్త వచ్చిన వారం నాకు ఫోన్ల మీద ఫోన్లు. నేను చెప్పింది ఇదే: జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి చూసేది మొత్తం టర్నోవర్, అందులో నగదు కూడా ఉంటుంది. స్టిక్కర్ పీకితే టర్నోవర్ తగ్గదు. సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో ఆ హద్దు ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. నందిగామలో ఉన్న షాపుకీ కోదాడలో ఉన్న షాపుకీ మధ్య ఒక గంట ప్రయాణం, కానీ హద్దు సగానికి సగం. తెలంగాణ పాఠకులు దీన్ని మర్చిపోవద్దు.

డిజిటల్‌గా వచ్చే డబ్బుతో లాభం కూడా ఉంది. పుస్తకాలు లేకుండా అంచనా పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే చిన్న వ్యాపారికి నగదు అమ్మకంలో 8 శాతం లాభంగా లెక్కిస్తే, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకంలో 6 శాతమే లెక్క.

ఇంతకీ ఎవరికి ఏది

టిఫిన్ సెంటర్, కూరగాయల బండి, టీ కొట్టు: స్కానర్, సౌండ్ బాక్స్. మిషన్ గురించి ఆలోచన కూడా వద్దు. కిరాణా కొట్టుకీ అదే. ఆ వ్యాపారంలో నూటికి ఐదారు రూపాయలు మిగిలేచోట 2,000 దాటిన బిల్లు మీద క్రెడిట్ కార్డుకి 2 రూపాయల 36 పైసలు ఇస్తే దాదాపు సగం పోయినట్టే. ఆసుపత్రి పక్కన మెడికల్ షాపు అయితే మిషన్ ఉండాల్సిందే. అర్ధరాత్రి అకౌంట్లో డబ్బు లేక కార్డు తీసేవాళ్ళు వస్తారు, అలాంటప్పుడు రెండు శాతం లెక్క చూడకూడదు. లాడ్జికి మిషన్ తీసుకునేటప్పుడు ప్రీ ఆథరైజేషన్, అంటే అడ్వాన్సుగా కొంత ఆపి ఉంచి ఖాళీ చేసేటప్పుడు అసలు బిల్లు తీసుకునే సౌకర్యం, ఉందో లేదో అడగాలి.

నగల షాపు సంగతి వేరు. యూపీఐకి హద్దు తగులుతుంది, నగలకి 2025 సెప్టెంబరులో పెంచినా ఒక్కో లావాదేవీకి 2 లక్షలే. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. క్రెడిట్ కార్డుకిచ్చే రెండు శాతం తరుగులోంచి తేవాలి. పెద్ద బిల్లుకి ఆర్టీజీఎస్, అంటే ఒక బ్యాంకు అకౌంట్ నుంచి ఇంకో బ్యాంకు అకౌంట్‌కి నేరుగా పంపే పద్ధతి, అన్నిటికన్నా మంచిది. 2020 డిసెంబరు నుంచి అది రోజంతా పనిచేస్తోంది, 2 లక్షల నుంచి ఎంతైనా పంపొచ్చు, షాపువాడికి ఎండీఆర్ లేదు.

బట్టల షాపు దగ్గరే అసలు తికమక. మా వాడు మొదట స్కానర్, సౌండ్ బాక్స్ మాత్రమే తీసుకున్నాడు, ఏ బ్యాంకులో కరెంట్ అకౌంట్ ఉందో ఆ బ్యాంకు దగ్గరే. పుస్తకంలో గీతలు పెట్టుకుంటూ వెళ్లాడు. మొదటి నెల ఆరు గీతలు, అన్నీ మూడు వేల లోపు. రెండో నెల పెళ్ళిళ్ల సీజను. గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం నలభై వేల రూపాయల చీరలు పక్కన పెట్టించి, కార్డు తీసుకోరని తెలిసి పది వేలవి మాత్రమే పట్టుకెళ్లారు. ఆ రోజు రాత్రి మళ్ళీ ఫోన్ చేశాడు. మిగతా ముప్పై వేల చీరల మీద లాభం 15 శాతం వేసుకున్నా 4,500, ఎండీఆర్ పోయేది 708. లెక్క వాడే చేసి చెప్పాడు.

మిషన్ కూడా ఆ బ్యాంకు దగ్గరే తీసుకున్నాడు. క్రెడిట్ రేటు కొంచెం తగ్గించమని బేరమాడాడు, తగ్గించారు. మొదటి స్లిప్పుని దేవుడి పటం దగ్గర పెట్టాడు. రెండు నెలలకి నేను వెళ్లి చూస్తే కాగితం ఉంది, అక్షరాలు లేవు. అది వేడికి నల్లబడే కాగితం, ఎండ తగిలినా, పాతబడినా తెల్లగా అయిపోతుంది. ఇప్పుడు రోజూ షట్టర్ దించే ముందు ఆ రోజు స్లిప్పులన్నీ బల్ల మీద వరసగా పరిచి ఒక ఫోటో తీస్తున్నాడు.